చైతన్యమన్న ఒక్క మాట : సుషుప్తి విచారమూ మెదడు శాస్త్రమూ

చైతన్యాన్ని గూర్చి తెలుగులో వెలువడే వ్యాసాలలో రెండు ధోరణులు తరచు కానవస్తాయి. మెదడు శాస్త్రం నేడు కనుగొంటున్నదంతా ఉపనిషత్తులు ఏనాడో చెప్పినదేనని చాటడం ఒకటి. మెదడు శాస్త్రం తలయెత్తిన తరువాత ఆత్మవిచారానికి కాలం చెల్లిందని తీర్మానించడం రెండవది. పరస్పర విరుద్ధాలుగా కనిపించే ఈ రెండింటి దోషం ఒక్కటే. 'చైతన్యం' అన్న పదాన్ని రెండు వేర్వేరు అర్థాలలో గ్రహించి, ఆ అర్థభేదాన్ని మరచి వాదం నడపడం. నైయాయికులు దీనికి వాక్ఛలమని పేరు పెట్టారు. దేవదత్తుడు నవకంబలుడు అని ఒకడు క్రొత్త కంబళి నుద్దేశించి అంటే, తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నవని ప్రతివాది అడిగిన చందం. భేదమల్లా ఒక్కటే. న్యాయభాష్యంలోని ప్రతివాది బుద్ధిపూర్వకంగా ఛలం చేస్తాడు. ఇక్కడ ఛలం చేసేవానికే ఆ సంగతి తెలియదు.

మెదడు శాస్త్రజ్ఞుడు ఆ మాటతో ఉద్దేశించేదేమిటో ముందు చూడవలసి ఉంది. 1990లో ఫ్రాన్సిస్ క్రిక్, క్రిస్టాఫ్ కోక్ అనే శాస్త్రజ్ఞులు నిర్వచనాల వివాదాన్ని ప్రక్కకు పెట్టి, ఒక దృశ్యం మనిషి ఎరుకలోకి వచ్చినప్పుడు మెదడులో ప్రత్యేకంగా జరిగేదేమిటో వెదకాలని ప్రతిపాదించారు. నాటి నుండి ఈ శాస్త్రం నడచిన త్రోవ ప్రధానంగా అదే. మెలకువలో ఉండడం, ఫలానా వస్తువును ఎరిగి ఉండడం, ఎరిగినట్లు చెప్పగలగడం, ఈ మూడింటికీ మెదడు వ్యాపారాలతో గల సంబంధాన్ని అది పరిశీలిస్తుంది. అద్వైత పరిభాషలో ఇవి అన్నీ అంతఃకరణవృత్తులకు చెందినవి. వృత్తి స్వతహాగా జడమని చెప్పినవాడు అద్వైతియే. ధర్మరాజాధ్వరీంద్రుని వేదాంతపరిభాషను చదివినవారికి ప్రమాతృచైతన్యం, ప్రమాణచైతన్యం, విషయచైతన్యం అనే విభాగం సుపరిచితం. కుండను అవచ్ఛేదకంగా చేసుకొన్న చైతన్యాన్ని సైతం అంగీకరించే శాస్త్రంలోని పదమది. దానిని, రోగి కన్ను తెరచాడా లేదా అని పరీక్షించే శాస్త్రంలోని పదానికి పర్యాయంగా వాడితే కలిగే గందరగోళం అంతా ఇంతా కాదు.

మద్యం సేవించినవానికి బుద్ధి మారుతున్నదనీ, తలకు దెబ్బ తగిలినవాని స్వభావమే మారిపోతున్నదనీ చూపి వేదాంతాన్ని ఖండించినామనుకొనేవారు ఛాందోగ్యంలోని శ్వేతకేతువు కథను చూడలేదనుకోవాలి. తండ్రి ఉద్దాలకుడు అతనిచేత పదిహేను దినాలు అన్నం మాన్పించి నీరు మాత్రం త్రాగనిచ్చాడు. తరువాత వేదం చెప్పుమంటే ఋక్కులు గాని యజుస్సులు గాని సామాలు గాని స్ఫురించలేదు. భోజనం చేసి వచ్చిన పిమ్మట అన్నీ జ్ఞప్తికి వచ్చాయి. మనస్సు అన్నమయమని ఉద్దాలకుడు తేల్చినది ఈ పరీక్షతోనే. మనస్సు భౌతికమనడం వేదాంతికి పూర్వపక్షం కాదు, స్వపక్షమే. అదే విధంగా యంత్రంలో కనిపించిన మెదడు చిత్రాన్ని చూపి సాక్షి నిరూపితమైనాడని మురిసేవారు సాక్షికి దృశ్యత్వాన్ని అంటగడుతున్నారు. దృశ్యమైనది సాక్షి ఎట్లా కాగలదన్న ప్రశ్న వారికి తోచకపోవడం విచిత్రం.

అనుభవం ఎందుకున్నది అన్నది కఠిన సమస్య అని, తక్కినవి దానితో పోలిస్తే సులభ సమస్యలని 1994లో టక్సన్ సదస్సులోను, 1995 నాటి వ్యాసంలోను డేవిడ్ చాల్మర్స్ అన్నాడు. 1998లో అతడు కోక్‌తో పందెం వేశాడు. ఇరవై యైదేండ్లలో చైతన్యపు నాడీలక్షణం స్పష్టంగా దొరుకుతుందని కోక్, దొరకదని చాల్మర్స్. 2023 జూన్‌లో న్యూయార్కులో కోక్ ఓటమి నంగీకరించి మద్యపు సీసాలు సమర్పించాడు. పందెం మరి ఇరవై యైదేండ్లకు పొడిగింపబడింది. దీనిని వేదాంతవిజయంగా వర్ణించడం సాహసమే. దొరకలేదన్నది లేదన్నదానికి సాధకం కాదు. అదీగాక అనుభవం కఠిన సమస్య అని ఒప్పుకొన్నంత మాత్రాన అది మూలతత్త్వమని సిద్ధించదు. న్యాయవైశేషికులు జ్ఞానాన్ని ఆత్మకు స్వరూపంగా గాక, కారణసామగ్రి కూడినప్పుడు పుట్టి నశించే గుణంగా చెప్పారు. వారి ముక్తిలో జ్ఞానమే లేదు. నైషధీయచరితంలో చార్వాకుని నోట శ్రీహర్షుడు చేయించిన గౌతమపరిహాసం అందుకే. కిణ్వాదుల కలయికతో మదశక్తి పుట్టినట్లు, తమలపాకు, వక్క, సున్నం కలిస్తే ఎరుపు పుట్టినట్లు భూతసంఘాతంలో చైతన్యం పుడుతుందన్న చార్వాకుడూ ఈ దేశపు దార్శనికుడే. కనుక 'భారతీయ దర్శనం చైతన్యాన్ని గూర్చి ఏమంటున్నది' అన్న ప్రశ్నకు ఏకవచనంలో సమాధానం లేదు. ఏకవచనంలో సమాధానం చెప్పేవారు దర్శనాలను కాక, వాటి ఉపన్యాస సంగ్రహాలను చదివినవారు.

ఈ రెండు శాస్త్రాలు నిజంగా ఒకే చోట నిలిచి ఒకే వస్తువును చూసే సందర్భం ఒకటున్నది. అది సుషుప్తి.

బృహదారణ్యకం రెండవ అధ్యాయం మొదట దృప్తబాలాకికీ కాశీరాజు అజాతశత్రువుకూ నడచిన సంవాదం ఉన్నది. బ్రహ్మాన్ని చెప్పవచ్చిన బాలాకి చివరకు మౌనం వహిస్తే, రాజు అతని చేయి పట్టుకొని నిద్రిస్తున్న ఒక మనిషి వద్దకు తీసుకొనిపోతాడు. ముందు పేర్లతో పిలుస్తాడు. నిద్రించేవాడు లేవడు. తరువాత చేతితో ఒత్తి లేపుతాడు. లేస్తాడు. ఇతడు నిద్రించినప్పుడు ఈ విజ్ఞానమయ పురుషుడు ఎక్కడ ఉన్నాడు, ఎక్కడ నుండి వచ్చాడు అన్నది రాజు ప్రశ్న. 1974లో గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెనెట్ రూపొందించిన కొలమానం నేడు ప్రపంచమంతటా అత్యవసర వైద్యశాలల్లో వాడుకలో ఉన్నది. అందులో కంటి పరీక్ష క్రమం ఇది: తనంతట తెరిస్తే 4, పిలిచినప్పుడు తెరిస్తే 3, నొప్పి కలిగించినప్పుడు తెరిస్తే 2, ఎన్నటికీ తెరవకపోతే 1. 2014లో చేసిన సవరణలో నొప్పి అన్న మాటను తొలగించి ఒత్తిడి అన్న మాట చేర్చారు. పిలుపు, ఆపై చేతి ఒత్తిడి. అజాతశత్రువు వైద్యుడని గాని, గ్లాస్గో వైద్యులు ఉపనిషత్తు చదివారని గాని దీని అర్థం కాదు. నిద్రించేవాని ఎదుట నిలిచిన మనిషికి ఏనాడైనా ఉన్న దారి అంతే. లోపలికి పోయి చూడరాదు. బయటి ప్రతిస్పందనను బట్టి ఊహించాలి, లేదా అతడు లేచి చెప్పినదాన్ని నమ్మాలి.

చిక్కంతా లేచి చెప్పేదానిలోనే ఉన్నది. సుఖంగా నిద్రపోయినాననీ ఏమీ ఎరుగననీ లేచినవాడు చెబుతాడు. ఎరుగననడం ఏ ప్రమాణంతో తెలిసింది? ఇది స్మృతి అని అద్వైతి అంటాడు. స్మృతికి పూర్వానుభవం కావాలి గనుక సుషుప్తిలో అజ్ఞానమూ సుఖమూ సాక్షికి భాసించినవని అతని నిర్ణయం. అంతఃకరణం లీనమైనందున అక్కడ అంతఃకరణవృత్తి లేదు, అవిద్యావృత్తి ఉన్నది. యోగులు నిద్రనే ఒక వృత్తిగా లెక్కించారు. హాయిగా నిద్రపోయితిననీ, కలతగా నిద్రపోయితిననీ లేచినవాడు భేదం చెప్పగలగడమే దానికి గమకమని వ్యాసభాష్యం. విశిష్టాద్వైతులు ధర్మభూతజ్ఞానం అప్పుడు సంకోచించి ఉంటుందనీ, అహమర్థం మాత్రం పోదనీ చెప్పారు. నైయాయికుడు ఇవేవీ ఒప్పుకోడు. అది స్మృతి కాదు, అనుమానం. ఆ కాలానికి సంబంధించి ఏమీ జ్ఞాపకం రాకపోవడం హేతువుగా జ్ఞానాభావాన్ని ఊహిస్తున్నాడు. ఇంద్రియాలు తేటపడి ఉండడాన్ని బట్టి సుఖం ఊహిస్తున్నాడు. అంతే.

నైయాయికుడు కారణం కూడా చెప్పాడు. విశ్వనాథుని ముక్తావళి పాఠంలో ఈ ఘట్టాన్ని బోధించని అధ్యాపకుడు ఉండడు. జ్ఞానమాత్రానికీ త్వఙ్మనస్సంయోగం కారణం. సుషుప్తిలో మనస్సు పురీతత్ అనే నాడిలో ప్రవేశిస్తుంది. అక్కడ త్వక్కు లేదు. కారణం లేదు గనుక కార్యం లేదు. పురీతత్తు ప్రసక్తి అజాతశత్రు సంవాదం నుండి వచ్చినదే. హృదయం నుండి పురీతత్తు వరకు డెబ్బదిరెండు వేల నాడులు వ్యాపించినవని అక్కడ ఉన్నది. ఒకే వాక్యాన్ని పట్టుకొని ఒకరు ఆనందఘనమైన ఆత్మస్థితిని, మరొకరు జ్ఞానశూన్యతను చూడడం దర్శనాల మధ్య గల స్వాతంత్ర్యానికి నిదర్శనం. ఆ మాటకు వస్తే ఛాందోగ్యంలో ఇంద్రుడే సుషుప్తిని గూర్చి ప్రజాపతితో పేచీ పెట్టుకొన్నాడు. తన్ను తానెరుగని, ఇతరాలనెరుగని ఆ స్థితి వినాశంతో సమానం కదా, ఇందులో భోగ్యమేమున్నదని అతని ఆక్షేపం. ప్రజాపతి ఆ ఆక్షేపాన్ని త్రోసిపుచ్చలేదు. మరి అయిదేండ్లు ఉండమన్నాడు. ఇక తెలుగువాడు ఈ శాస్త్రార్థాలేవీ ఎరుగకయే గాఢనిద్రకు 'ఒళ్ళు తెలియని నిద్ర' అని పేరు పెట్టుకొన్నాడు. త్వఙ్మనస్సంయోగాభావానికి ఇంతకంటె చక్కని తెలుగు దొరకదు.

ఈ వివాదం గ్రంథాలలో ముగిసిపోయినదని భావించేవారు నిద్రాపరిశోధన చరిత్రను ఒకసారి పరికించాలి. హాన్స్ బెర్గర్ మానవుని మెదడు విద్యుత్తరంగాలను 1924లో నమోదు చేసి 1929లో ప్రకటించాడు. 1953లో ఎసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ కనుగ్రుడ్లు వేగంగా కదలే నిద్రాదశను కనుగొన్నారు. ఆ దశలో లేపితే కలలు చెబుతారు గనుక అది స్వప్నమనీ, మందతరంగాల గాఢనిద్ర సుషుప్తియనీ చాలాకాలం లెక్క కుదిరింది. ఉపనిషత్తుతో పోల్చి సంతోషించినవారికీ అది అనుకూలించింది. కాని గాఢనిద్ర నుండి లేపినవారిలోనూ కొందరు కలలు చెప్పసాగారు. లెక్క చెదరింది. 2005లో మసిమినీ, టొనోనీ బృందం పుర్రె వెలుపల నుండి అయస్కాంతపు తాకిడి ఇచ్చి చూసింది. మెలకువలో ఆ స్పందన మెదడులో దూరప్రాంతాలకు ప్రాకింది. గాఢనిద్రలో తగిలినచోటనే ఆగిపోయింది. భాగాల మధ్య సంబంధం తెగినందువలననే ఎరుక పోతున్నదని వారి ఊహ. సంయోగనాశం వలన జ్ఞానాభావమన్న నైయాయికుని మాట ఇక్కడ జ్ఞప్తికి రావడం సహజమే గాని, ఆ జ్ఞప్తిని దాటి పోరాదు. పురీతత్తు మెదడులో లేదు, మనస్సు నాడీకణమూ కాదు.

ఇంతకంటె విలువైనది 2017లో ఫ్రాంచెస్కా సిక్లారీ బృందం నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో ప్రకటించిన పరిశోధన. 256 విద్యుత్ గ్రాహకాలు అమర్చి నిద్రించేవారిని రాత్రిపొడుగునా పలుమార్లు లేపి, లేపుటకు ముందు క్షణంలో మనసులో ఏమున్నదని అడిగారు. సమాధానాలు రెండు రాశులుగా గాక మూడు రాశులుగా తేలాయి. ఇది చూశానని చెప్పినవారు ఒకరు. ఏమీ లేదన్నవారు ఒకరు. ఏదో అనుభవిస్తూనే ఉన్నాను, అదేమిటో మాత్రం జ్ఞాపకం లేదన్నవారు మూడవవారు. ఈ మూడవ రాశివారి మెదడు వెనుక భాగపు తరంగాలు ఏమీ లేదన్నవారి తరంగాలతో గాక, కలగన్నవారి తరంగాలతో పోలి ఉన్నవి.

దీని ఫలితాన్ని శాస్త్రమర్యాదతో తూచవలసి ఉంది. జ్ఞాపకం రాలేదు గనుక అనుభవం లేదన్న నైయాయికుని హేతువు వ్యభిచరించినది. దారిని నడిచేవాని పాదానికి గడ్డిపోచ తగిలిన విషయం జ్ఞప్తి లేకపోవచ్చునన్న ప్రాచీన దృష్టాంతానికి ఇది క్రొత్త బలం. అయితే నైయాయికుడు ఇంతటితో నిగ్రహస్థానం చేరలేదు. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరికో ఒకరికి జ్ఞాపకం రాకపోవడం గాదు, నియమేన ఎవరికీ ఎన్నడూ జ్ఞాపకం రాకపోవడమే తన హేతువని విశేషణం చేర్చగలడు. ఏదో అనుభవించినానన్న ఆ పలుకు లేచిన క్షణంలో పుట్టిన భ్రమ కాదనడానికి సాక్ష్యమేమని కూడా అడుగగలడు. అద్వైతికి గెలుపు ఇంకా దూరం. ఆ మూడవ రాశి విస్మృతస్వప్నమే కావచ్చు. విషయమున్న అనుభవం అతని సిద్ధాంతంలో సుషుప్తి కానే కాదు. విషయరహితమైన అజ్ఞానభానం ఈ పరీక్షకు చిక్కలేదు. ప్రతివాది హేతువు చెడినంత మాత్రాన తన ప్రతిజ్ఞ సిద్ధించదన్నది తర్కసంగ్రహం చదివే విద్యార్థికీ తెలుసు. 2016లో విండ్ట్, నీల్సెన్, థాంప్సన్ అనే ముగ్గురు కలలేని నిద్రను ఒకే స్థితిగా చూడరాదనీ, అందులో వేర్వేరు అనుభవరూపాలు ఉండవచ్చుననీ వాదించారు. వారిలో ఇవాన్ థాంప్సన్ తన ఇతర రచనలలో అద్వైత న్యాయ వివాదాన్ని పేరు పెట్టి చర్చించినవాడు. ఆ చర్చ ఆంగ్లంలో జరుగుతున్నది. ముక్తావళినీ వేదాంతపరిభాషనూ మూలంలో బోధించే కళాశాలల నుండి అందులో పాల్గొన్న గొంతులు అరుదు.

ఇదంతా పండితుల వినోదం కాదనడానికి ఒక్క సంగతి చాలు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం సైన్స్ పత్రికలో ఒక రోగిణి వృత్తాంతాన్ని ప్రకటించింది. ఆమెకు 23 ఏండ్లు. రోడ్డు ప్రమాదానంతరం అయిదు నెలలుగా ఏ ప్రతిస్పందనా లేదు. పరీక్షలన్నిటి ప్రకారం ఎరుక లేనట్లే. ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. యంత్రంలో ఆమెను పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్లూ, తన ఇంటి గదులలో తిరుగుతున్నట్లూ ఊహించుమని చెప్పారు. ఆరోగ్యవంతులలో ఏయే భాగాలు ఉద్దీపించినవో ఆమె మెదడులోనూ అవే ఉద్దీపించినవి. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రకటించిన పెద్ద పరిశోధనలో, చెప్పిన పనికి ప్రతిస్పందన కనిపించని 241 మందిలో 60 మంది, అనగా నలుగురిలో ఒకరు, మెదడుతో ఆదేశాన్ని పాటించినట్లు తేలింది. పలుకలేదు గనుక ఎరుగడన్న అనుమానం ఎంత ప్రమాదకరమో ఈ సంఖ్య చెబుతున్నది. జీవనాధార చికిత్సను నిలుపుటకు భారత సర్వోన్నత న్యాయస్థానం 2011లోను, 2018లోను కొన్ని షరతులతో అనుమతి నిచ్చిన దేశంలో, మంచం ప్రక్కన నిలిచిన కుటుంబానికి వైద్యుడు చెప్పే తెలుగు మాట ఏమిటన్నది అల్పవిషయం కాదు.

ఆ తెలుగు మాటల స్థితి శోచనీయం. స్పృహ తప్పిన రోగిని పత్రికలు 'అపస్మారక స్థితి'లో ఉన్నాడని వ్రాస్తాయి. ఆయుర్వేదంలో అపస్మారం వేరొక రోగం. తెలుగు లోకం నేడు మూర్ఛరోగమని పిలుస్తున్నది అదే. చరకుడు సూత్రస్థానం ఇరువది నాల్గవ అధ్యాయంలో మద, మూర్ఛా, సన్న్యాసాలని స్పృహలోపాన్ని మూడంతరాలుగా వర్ణించాడు. మూర్ఛ అక్కడ తాత్కాలికమైన సొమ్మసిల్లడం. సన్న్యాసం దీర్ఘమైన, చికిత్స లేనిదే లేవని స్థితి. అంటే మూర్ఛ అన్న పేరు అపస్మారానికీ, అపస్మారమన్న పేరు మూర్ఛకూ పోయి, సన్న్యాసం కాషాయానికి మాత్రం మిగిలింది. అపస్మారమంటే వ్యుత్పత్తి రీత్యా స్మృతి తొలగడం. జ్ఞాపకం పోవడాన్నీ ఎరుక పోవడాన్నీ ఒకటిగా చూసే పొరపాటు ఆ మాటలోనే పాతుకొన్నది. నైయాయికునికీ అద్వైతికీ నడచిన కలహమంతా ఆ రెండూ ఒకటి కావన్నదాని మీదనే కదా.

శాస్త్రజ్ఞులూ ఏకవాక్యతలో లేరు. మెదడంతటా సమాచారం ప్రసారమైతేనే ఎరుక అన్న పక్షానికీ, అవిభాజ్యమైన సమాచారసంఘటనమే ఎరుక అన్న టొనోనీ పక్షానికీ ఉమ్మడిగా జరిపిన పరీక్ష ఫలితాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి. ఏ పక్షమూ పూర్తిగా నెగ్గలేదు. అంతకుముందు 2023లో 124 మంది పండితులు టొనోనీ సిద్ధాంతం శాస్త్రాభాసమని బహిరంగలేఖ వ్రాశారు. శాస్త్రం ఋజువు చేసిందనేవారు ఏ పక్షపు శాస్త్రమో చెప్పవలసిన బాధ్యత ఉన్నది.

ప్రాచ్య కళాశాలలు ఈ విషయంలో చేయదగిన పని సామరస్యం ప్రకటించడం కాదు. పూర్వపక్షాన్ని పూర్తి బలంతో నిలిపి విచారించే పద్ధతి వాటి సొత్తు. దానిని ఈ ప్రశ్నలకు వర్తింపజేయవచ్చు. ముందు పదాలను విడదీయాలి. వైద్యుడు పరీక్షించేదానికి స్పృహ అన్న మాట చాలు. తెలంగాణలో సోయి అన్న మాట జనం నోట ఉన్నది. వస్తువును అనుభవించడానికి ఎరుక ఉన్నది. నిద్ర విడచి ఉండడానికి మెలకువ ఉన్నది. 'తెలివి వచ్చింది' అన్నప్పుడు ఈ మూడూ కలసిపోతాయి గనుక తెలివిని శాస్త్రవ్యవహారంలో దూరంగా ఉంచడం మేలు. చైతన్యాన్ని దర్శనాలకు వదలిపెట్టాలి, అక్కడ కూడా ఏ దర్శనపు చైతన్యమో పేర్కొని. ఇప్పటికే ప్రజాచైతన్యమనీ చైతన్యయాత్రలనీ ఆ మాట సభావేదికల మీద మోయవలసినంత బరువు మోస్తున్నది.

ఇన్ని మాటలున్నా సిక్లారీ పరిశోధనలోని మూడవ రాశికి సరిపడే పేరు కనిపించదు. ప్రాభాకరులు భ్రమను వివరించుటకు స్మృతిప్రమోషాన్ని చెప్పారు. అక్కడ వెండి జ్ఞాపకం వస్తుంది, 'అప్పటిది' అన్న తత్తాంశం మాత్రం అపహృతమవుతుంది. ఇక్కడ జరిగినది దానికి సరిగ్గా తలక్రిందు. 'అప్పుడేదో ఉన్నది' అన్న తత్తాంశం మిగిలింది, వస్తువు అపహృతమైంది. ఆ స్థితికి తెలుగులో ఇంకా స్థిరపడిన మాట లేదు.